గాజుల గల్లీలో దాచిన తప్పు

పోయిన వారం మనస్వినిని ఛత్రినాకలోని పిండి గిర్ని మెట్ల మీదే వదిలిపెట్టాం. పైన హాల్లో జనం ఆమె కోసం ఎదురుచూస్తున్నారు. సగం మెట్లెక్కాక మైకులోంచి ఒక గొంతు వినబడింది. ఆమె కాలు అక్కడే ఆగిపోయింది. మూడేళ్లుగా ఆమె చెవుల్లోంచి పోని గొంతు అది, శ్రవణ్‌కుమార్‌ది.

ఆ గొంతంటే ఆమెకెందుకంత మంట అన్నది ఒక్కసారి తలుచుకుని ముందుకు పోదాం. ఛత్రినాకలో పాడి మీద బతికే బుచ్చయ్య కూతురు మనస్విని. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో సొంతంగా ఒక గేమ్ చేసింది. డౌన్‌లోడ్ చేసుకునే పని లేదు, లింకు నొక్కితే బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. దున్నలను ఊరేగించే సదర్ పండుగకు ముస్తాబైన దున్నను ఆటోలకూ బండ్లకూ తగలకుండా గల్లీలు దాటించాలి. ‘దున్న దౌడు’ అని పేరు పెట్టింది. ఇలాంటి గేములు ఆడి వీడియోలు చేసే శ్రవణ్‌కుమార్ ఒక సభలో దాన్ని పెద్ద తెర మీద ఆడుతూ, “పాలోళ్ల పిల్ల గదా, బర్రె తప్ప ఇంకేమొస్తది?” అన్నాడు. సభంతా గొల్లున నవ్వింది. వెనక వరసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్న బుచ్చయ్య కూడా నవ్వాడు. బిడ్డ చేసింది అందరికీ నచ్చిందనుకున్నాడు పాపం. ఎందుకు నవ్వుతున్నారో అర్థమయ్యేసరికి ఆయన మొహాన ఆ నవ్వు సగంలోనే ఉండిపోయింది.

ఆ సగం నవ్వును మనస్విని ఈ రోజుకీ మరిచిపోలేదు. మళ్లీ ఇంకో గేమ్ చేయలేదు. ‘ఆడిచూస్త’ అనే మారుపేరుతో ఒక ఆన్‌లైన్ గ్రూపు పెట్టి, కొత్తవాళ్లు చేసిన గేములు ఆడి, ఎక్కడ తట్టుకుందో, ఏం మారిస్తే నిలబడుతుందో రాయడం మొదలుపెట్టింది. తప్పును అంటుంది తప్ప మనిషిని ఒక్క మాట అనదు. అందుకే జనం ఆమె మాటను నమ్మారు. ఆ గ్రూపువాళ్లంతా మొదటిసారి ఒకచోట చేరిన ఆదివారం ఇది. సాయంత్రానికల్లా వాళ్లు ఒక గేముల పోటీకి తమ గేములు పంపాలి. పంపేముందు ‘ఆడిచూస్త’ ఎదురుగా కూర్చుని ఆడి చెబుతుందని అందరూ వచ్చారు.

మనస్విని తక్కిన మెట్లెక్కింది.

కింద గిర్ని తిరుగుతుంటే హాల్లో కుర్చీలు సన్నగా వణుకుతున్నాయి. గుమ్మం దగ్గర కుర్చీలు సర్దుతున్న అమ్మాయి ఒకతె పరుగున వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

“మీరేనా అక్కా? నేను అఖిలను. దబీర్‌పురా నుంచి వచ్చిన. రైలు గేమ్ చేసిన గదా, యాదికున్ననా?”

“ఎందుకు లేవు? ఉన్నవ్” అంది మనస్విని. ఆ పిల్ల ఇంకేదో చెప్పబోతోంది కాని, ఆమె చూపు అప్పటికే స్టేజి మీదికి పోయింది.

శ్రవణ్‌కుమార్ చేతులు మడిచిన తెల్ల చొక్కాలో మైకు పట్టుకుని నిలబడ్డాడు. చార్మినార్ దగ్గర తాతల నాటి నుంచి గాజుల హోల్‌సేల్ దుకాణం వాళ్లది. ఇన్నాళ్లూ ఇతరుల గేములు ఆడి నవ్వించిన మనిషి ఇప్పుడు తనే ఒకటి చేసుకొచ్చాడు. మొదటి వంతు తనకే కావాలని అడిగి మరీ తీసుకున్నాడు.

“రాండ్రి మేడమ్, రాండ్రి! ఆన్‌లైన్‌ల మీ రాతలు చదివి ఎవరో పెద్దమనిషి అనుకున్న. ఇంత చిన్నోళ్లా మీరు?”

అతను ఆమెను గుర్తుపట్టలేదు. అప్పటి పొడుగు జడ ఇప్పుడు లేదు. మెడ దాకా కత్తిరించిన జుట్టు, కళ్లద్దాలు. అయినా అంత మాట అన్నవాడికి, ఎవరిని అన్నాడో ఆ మొహం కూడా జ్ఞాపకం లేదు! ఎదురుగా నిలబడి ఇంకోసారి తిట్టినా మనస్వినికి అంత మండేది కాదు.

“జర గూడ మొహమాటం లేకుంట చెప్పాలె మేడమ్” అన్నాడతను జనం వైపు తిరిగి. “నేను గట్లనే చెప్తుండె. ఒకసారి ఏమైందంటే, ఒక బర్రె గేమ్ వచ్చింది నా దగ్గరికి...”

మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని బర్రెలా అరిచాడు. ముందు వరసలో కొందరు నవ్వారు.

నిజానికి అప్పటిదాకా ఆమె ఏ నిర్ణయానికీ రాలేదు. మెట్ల మీద వెనక్కి పోదామనుకుంది. హాల్లోకి వచ్చాక, అందరి గేములు చూసినట్టే ఇతనిదీ చూసి పంపేద్దామనుకుంది. ఆ అరుపుతో ఆ రెండు ఆలోచనలూ పోయాయి.

“ఇయ్యున్రి, ఆడుత” అంది చెయ్యి చాపి.

అతను తన ఫోనే తీసి ఇచ్చాడు. గేమ్ పేరు ‘గాజుల గల్లీ’. గల్లీలో ఒక దుకాణం. గిరాకీలు వచ్చి ఫలానా రంగు గాజులని అడుగుతారు, సైజు ఆడేవాళ్లే పోల్చుకోవాలి. కింది వరసలో గాజులుంటాయి. సరైనవి వేలితో లాగి వాళ్ల చేతికి తొడగాలి. సైజు తప్పితే గాజు పగిలి, ఫోన్‌లోంచి ఒక నవ్వు వస్తుంది. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్ దుకాణాల అద్దాల మెరుపు కూడా బాగా కుదిరింది. చెత్తగా ఉంటే బాగుండునని లోలోపల కోరుకున్న మనస్వినికి ఆ సంగతి ఒప్పుకోవడం కష్టంగానే అనిపించింది.

ఆడుతూ ఆడుతూ అలవాటు కొద్దీ ఫోన్‌ను అడ్డంగా తిప్పింది. కింది వరస మాయమైంది. ఒక్క గాజు కూడా తెర మీద లేదు. గిరాకీ చెయ్యి చాపి నిలబడే ఉంది. తొడగడానికి ఏమీ లేదు. ముందుకు పోయే దారి లేదు.

ఆమె వేలు గాలిలో ఆగింది.

ఇంతకన్నా పెద్ద తప్పు ఉండదు. పోటీలో జడ్జీలు తమ ఫోన్లలోనే ఆడతారు. అందులో ఒక్కరు ఫోన్ అడ్డంగా పట్టుకున్నా గేమ్ అక్కడే ఖతం. సరిచేయడం కూడా ఏమంత పని కాదు, కూర్చుంటే టీ తాగేలోపు అయిపోతుంది. ఈ గ్రూపులో మరెవరిదైనా అయితే ఆమె మొట్టమొదట చెప్పే మాట అదే.

ఫోన్‌ను మెల్లగా నిలువుగా తిప్పింది. గాజులు తిరిగి వచ్చాయి. ఏమీ జరగనట్టు ఇంకో గిరాకీ చేతికి ఎర్రగాజులు తొడిగింది.

ఆ కాస్త సేపట్లోనే ఆమె కళ్ల ముందు పోటీ రోజు కదలాడింది. పెద్ద తెర, నిండిన సభ, స్టేజి మీద శ్రవణ్‌కుమార్. జడ్జి ఫోన్ తిప్పగానే గాజులు మాయం. ఎవరో ఒకరు మొదలుపెడతారు, తర్వాత అందరూ నవ్వుతారు. ఆ రోజు బాపును తీసుకుపోవాలి. ముందు వరసలో కూర్చోబెట్టాలి. ఈసారి ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు ముందే తెలిసి ఉండాలి. కడుపు నిండా నవ్వాలి.

ఫోన్ బల్ల మీద పెట్టి, “బాగుంది” అంది.

“బాగుందా?” శ్రవణ్‌కుమార్ కనుబొమలెగరేశాడు. “ఏం మార్చేది లేదా మేడమ్?”

“లేదు.”

“ఒక్క తప్పు గూడ?”

“ఒక్కటి గూడ లేదు. ఇట్లనే పంపున్రి.”

ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు గొంతులో తీపి తగిలింది. పగ అంత తీయగా ఉంటుందని ఆమెకు అంతకుముందు తెలియదు. ఆ తీపిలో పడి, అతను అదే ప్రశ్న మార్చి మార్చి ఎందుకు అడుగుతున్నాడని అనుమానించలేదు.

హాల్లో చప్పట్లు మోగాయి. శ్రవణ్‌కుమార్ మాత్రం కొట్టలేదు. ఫోన్‌కు వైరు తగిలించి గోడ మీది తెరకు కలిపాడు.

“ఒక్క నిమిషం. అందరు జర ఇటు చూడున్రి.”

తెర మీద ‘గాజుల గల్లీ’ కనిపించింది. ఇందాక మనస్విని ఆడిన ఆటే. ఆమె ఆడుతున్నంతసేపూ ఆ ఫోన్ తన తెరను తానే రికార్డు చేసుకుంది. ఒక గిరాకీ వచ్చింది, పోయింది. తెర అడ్డం తిరిగింది. గాజులు మాయమయ్యాయి. అక్కడ శ్రవణ్‌కుమార్ వీడియో ఆపాడు.

“చూసిన్రా? గాజులే లేవు. మేడమ్ చూసిన్రు. చూసి, ఆగి, మెల్లగ మళ్ల తిప్పిన్రు.” అతను మనస్విని వైపు తిరిగాడు. “ఈ తప్పు నేనే పెట్టిన మేడమ్. కావాలని పెట్టిన. మీరు నిజమే చెప్తరని ఊరంత ఒకటే లొల్లి. నా వీడియోలు చూసేటోళ్లంత మీ గ్రూపుకొచ్చి కూసున్నరు. ఏంది ఈమె గొప్ప అని చూద్దామనుకున్న. చూసిన.”

చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్లోకి దిగాయి. మూడో వరసలోంచి మురళి లేచాడు. క్రికెట్ గేమ్ చేసుకొచ్చిన కుర్రాడు, గ్రూపులో ఆమె మాటకు ఎదురు చెప్పనివాడు.

“నిజమేనా అక్కా? మీరు చూసిన్రా?”

అబద్ధమాడడానికి ఇంకా వీలుంది. చూడలేదని, చెయ్యి జారి తిరిగిందని అంటే సగంమంది నమ్ముతారు. మనస్విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“చూసిన మురళీ. చూసి దాచిన.”

హాలంతా కలకలం. శ్రవణ్‌కుమార్ మొహం వెలిగిపోయింది. “ఎందుకు మేడమ్? నేనేం చేసిన మీకు?”

“యాదికి లేదా?” ఆమె లేచి అతని ఎదురుగా వచ్చింది. “ఇప్పుడే గదా మైకుల అరిచి చూపిచ్చినవ్. ఆ బర్రె గేమ్ ఎవరిదనుకున్నవ్? నాది. బర్రె గాదు అది, దున్న. దున్న దౌడు. ఆ రోజు నువ్వు పాలోళ్ల పిల్ల అన్నది నన్నే. ఎనక కూసున్న మా బాపుకు సమజ్ గాక మీతోని పాటు నవ్విండు. ఆ తర్వాత ఇంటికి పోయేదాంక ఆయన నాతోని ఒక్క మాట మాట్లాడలే.”

ముందు వరసలో ఇందాక నవ్వినవాళ్లు తలలు దించుకున్నారు. శ్రవణ్‌కుమార్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

“అది... అది పాత ముచ్చట. కామెడీకి అన్న. దానికి గిట్ల పగ పడ్తరా? తప్పు దాస్తరా?”

“దాచుడు నాదే తప్పు. ఒప్పుకుంటున్న” అంది మనస్విని. “కాని నువ్వు నిజం అడిగినవ్ గదా శ్రవణన్నా. మొహమాటం లేకుంట చెప్పమన్నవ్ గదా. ఇప్పుడు చెప్త. నువ్వు పెట్టిన తప్పు ఒక్కటే. నువ్వు పెట్టకుంట ఉన్నయి వేరే ఉన్నయ్.”

అతని చేతిలో ఫోన్ తీసుకుని మురళికి ఇచ్చింది.

“ఆడు మురళీ. నిలువుగనే పట్టుకో. అందరు తెర దిక్కు చూడున్రి.”

మురళి మొదలుపెట్టాడు. మొదటి గిరాకీ ముసలామె. ఆమె చేతికి ఏ సైజు సరిపోతుందో, ఎక్కడ చూసి తెలుసుకోవాలో గేమ్ చెప్పదు. మురళి ఒక గాజు లాగాడు. అది పగిలింది. వెంటనే స్పీకర్లలోంచి “హహహహా!” అని ఒక మగగొంతు పగలబడి నవ్వింది. మురళి ఉలిక్కిపడ్డాడు. ఇంకో గాజు లాగాడు. మళ్లీ అదే నవ్వు. ఇంకోసారి, ఇంకోసారి. ఆ నవ్వు శ్రవణ్‌కుమార్‌దే. వీడియోలో నవ్వే నవ్వే తెచ్చి గేమ్‌లో పెట్టుకున్నాడు.

నాలుగోసారి నవ్వగానే మురళి ఫోన్ కిందికి దించాడు. “ఇగ ఆడబుద్ధి అయితలేదు అక్కా.”

“అన్నా, విన్నవా?” అంది మనస్విని. “ఎట్ల ఆడాల్నో నేర్పకముందే ఓడగొడ్తున్నవ్. ఓడినోని మీద నవ్వుతున్నవ్. ఒకసారి నవ్వితే సరదా. ఇట్ల పొద్దుమాపు నవ్వితే ఎవరుంటరు నీ దుకాణంల? ఇప్పుడు ఇంకోటి చూడు. మురళీ, పసుపు గాజులు ముసలామెకు సరిపోతయ్, తొడుగు.”

మురళి తొడిగాడు. గాజులు చేతికి ఎక్కాయి. ముసలామె మాయమై ఇంకో గిరాకీ వచ్చింది. అంతే.

“ఏమన్న ఇనబడ్డదా?” ఆమె హాలంతా చూసింది. “ఇనబడదు. ఆమె ఒక్కసారి చెయ్యి ఊపుకొని చూసుకోదు, నవ్వదు. ఓడితే అంత లొల్లి జేసే గేమ్, గెలిస్తే కిక్కురుమనది. గాజుల దుకాణంల పుట్టి పెరిగిన మనిషివి. నీ గేమ్‌ల గాజుల చప్పుడే లేదన్నా!”

ఎవరో వెనక నుంచి “అవ్ను గదా!” అన్నారు. శ్రవణ్‌కుమార్ మొహంలో రక్తం ఇంకిపోయింది. తన గేమ్‌లో గాజులు మోగవన్న సంగతి అతనికి ఆ క్షణమే తెలిసిందని చూసినవాళ్లందరికీ అర్థమైంది.

“ఆ నవ్వు తీసెయ్” అంది ఆమె, కొంచెం నెమ్మదిగా. “దాని జాగల గాజుల చప్పుడు పెట్టు. మొదటి గిరాకీకి సైజు నువ్వే చూపియ్యి. ఇంత చాలు, నీ గేమ్ బతుకుతది. బొమ్మలు మస్తు మంచిగున్నయ్. అది గూడ నిజమే.”

అతను మురళి చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. వైరు పీకాడు. అది సరిగా రాక రెండు మూడుసార్లు గుంజాల్సి వచ్చింది. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు.

“వీడియో పెడుత. మీరు దాచింది అందరు చూస్తరు.”

“పెట్టు. నా ఫికర్ వద్దు. నేను దాచింది పెట్టు, దాని తర్వాత నీ నవ్వు గూడ పెట్టు. సగం కోయకు.”

మెట్ల మీద అతని బూట్ల చప్పుడు దిగిపోయింది. హాల్లో ఎవరో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు. ఈసారి మురళి కూడా కొట్టాడు. మనస్విని కుర్చీలో కూలబడింది. పగ తీరింది. అనుకున్నదానికన్నా గొప్పగానే తీరింది. అందరి ముందు, అదే మైకు దగ్గర, అబద్ధంతో కాదు, నిజంతో. బాపుకు ఫోన్ చేయాలని చెయ్యి దానంతటదే సంచిలోకి పోయింది.

“అక్కా.”

గుమ్మం దగ్గర కనిపించిన అమ్మాయి, అఖిల. ఎప్పుడొచ్చి పక్కన నిలబడిందో తెలియదు. ఆమె చప్పట్లు కొట్టడం లేదు.

“చెప్పు అఖిలా.”

“నా రైలు గేమ్ ఆడి, బాగుంది, ఏం మార్చేది లేదు అని రాసిన్రు. ఇందాక శ్రవణన్నకు అన్న మాటనే. అచ్చం అదే మాట.” ఆ పిల్ల ఇంకో అడుగు దగ్గరికి వచ్చింది. “అది గూడ ఉత్తదేనా?”

చప్పట్లు ఆగిపోయాయి.

మనస్వినికి ఆ గేమ్ బాగా గుర్తుంది. స్టేషన్లు వస్తాయి, పోతాయి. రైలు ఎక్కడానికి గాని దిగడానికి గాని ఆడేవాడికి పనేమీ లేదు. రెండో స్టేషన్ దాటితే చూడడానికి ఏమీ మిగలదు. అదంతా రాయబోయింది కూడా. కాని లింకు కింద ఆ పిల్ల, బతుకులో నేను పూర్తి చేసిన మొదటి పని ఇదే అని రాసుకుంది. అది చదివాక ఆమెకు చేతులు రాలేదు. శ్రవణ్‌కుమార్‌తో అన్న మాట పగతో వచ్చింది. ఈ పిల్లకు రాసిన మాట జాలితో వచ్చింది. విన్నవాళ్లకు ఆ రెండూ ఒక్కలాగే వినబడతాయని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

“ఎందుకడుగుతున్న అంటే...” అఖిల చీర కొంగు వేలికి చుట్టుకుంది. “బట్టల దుకాణంల పని బంద్ చేసిన అక్కా. నిన్ననే. సేటు మళ్ల రమ్మన్నా రానని చెప్పొచ్చిన. ఇగ గేములే చేస్త అన్న. మీ మాట మీద.”

హాలంతా మనస్విని వైపే చూస్తోంది. ఎవరో మైకు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.